అరుగు మీది కుండీలు, ఖాళీ మందు డబ్బాలు



రోహిణి కార్తె ముగియవచ్చినది. రోళ్లు పగులునని పెద్దలు చెప్పిన యెండ ఈ పదునైదు దినములును మన వీథులపై కాసినది. విత్తనములు, ఎరువులు, అప్పుల వాయిదాలు, ఈ మాసమున సంఘము పత్రికలో వ్రాయదగిన విషయము లివియే యని మీరనుకొందురు. నేనును ఏటేట వానినే వ్రాయుచు వచ్చితిని. ఈ మారు వీథి యరుగు మీది పూలకుండీలను గూర్చి వ్రాయదలచితిని. తొందరపడి నవ్వవలదు. తుదివరకు చదివిన పిమ్మట నవ్వు వచ్చినచో అప్పుడు నవ్వుడు.

ఏ గ్రామమునకు పోయినను ఇంటి ముందర, అరుగు మీదనో, వసారా యంచుననో, మెట్ల ప్రక్కనో నాలుగైదు కుండీలు కనబడును. ఒకదానిలో తులసి, ఒకదానిలో మల్లె, ఒకదానిలో కరివేప, మరియొకదానిలో మందారమో కనకాంబరమో. కలిగినవారు సిమెంటు గోలెములు కొనిరి. తక్కినవారు మట్టికుండీలు, పగిలిన కడవలు, నూనె డబ్బాలు, రంగు డబ్బాలు, ఏది దొరకిన దానిలో మన్ను పోసి మొక్క నాటిరి. మాఘ ఫాల్గుణములలో ఇవి కన్నులకు చల్లగా నుండును. జ్యేష్ఠమాసము వచ్చునప్పటికి చూచుటకు మనసొప్పదు. ఆకుల యంచులు మాడి, మల్లె సగమెండి, తులసి కంకులు వెళ్లి కట్టెపుల్లయై నిలిచియుండును. ఇంటి యజమాని ఆ ప్రక్కనే మంచము వాల్చుకొని పరుండి, "ఎండ గదా!" యనును. ఆ కుండీలు ఆడవారి వ్యవహారమని యాతని యభిప్రాయము.

నా యభిప్రాయము వేరు. సంవత్సరమున కొక్కమారైనను, వేసవి పోయి తొలకరి వచ్చు ఈ సంధికాలమున, రైతే స్వయముగా కూర్చుండి ఆ కుండీలను బాగుచేయవలెను. పూలకొఱకు మాత్రమే కాదు. పొలములో పదియేండ్లకు గాని కన్నులకు కనబడని దోషము కుండీలో రెండేండ్లకే కనబడును. నేల గట్టిపడుట, చౌడు పట్టుట, సత్తువ పోవుట, నీరు పోసినను వేరునకు అందకపోవుట, ఇవన్నియు దోసెడు మట్టిలో మన కన్నుల యెదుటనే జరిగిపోవుచుండును. అట్టి పాఠమును గుమ్మము ముందర పెట్టుకొని చూడకపోవుట నాకు వింతగా తోచును.

ఒక యూరిలో ఒక పెద్దాయన తన మల్లెకుండీని చూపి, "రోజూ రెండు చెంబులు పోస్తూనే ఉన్నామండీ, అయినా ఎండిపోతోంది, ఏ మందు కొట్టమంటారు?" అని యడిగెను. మందు మాట తరువాత, ఒక చెంబు నీరు పోయుమంటిని. పోసినది పోసినట్లే క్రింది రంధ్రమునుండి బొళబొళ కారిపోయినది. ఆయన దానిని చూచి, నీరు బాగుగా దిగుచున్నదని సంతోషించెను. నేను వ్రేలితో అంచున గీకి చూపితిని. నల్లరేగడి మట్టి వేసవిలో బిగిసి, గిడచబారి, కుండ గోడను విడిచి లోపలికి జరిగినది. గోడకును మట్టికిని నడుమ వ్రేలు దూరునంత సందు. పోసిన నీరంతయు ఆ సందులోనుండియే క్రిందికి పోవుచున్నది. నడుమ నున్న వేరుగడ్డ ఎండిన పిడకవలె నున్నది. మొక్క చావునకు కారణము ఎండయు కాదు, పురుగును కాదు. దినమునకు రెండు చెంబులు పోసినను దాహముతోనే చచ్చుచున్నది.

కుండీని ఎత్తి నీళ్ల తొట్టిలో అంచువరకు ముంచి, బుడగలు ఆగిపోవువరకు ఉంచితిమి. అరగంట పట్టినది. కొంతకాలమునకు మల్లె చిగిర్చినదని ఆయన కబురు పంపెను. మీ యిండ్లలోని కుండీలను ఈ సాయంకాలమే ఇట్లు పరీక్షింపవచ్చును. నీరు పోసిన తక్షణమే క్రిందికి కారిపోయినచో అది నీరు చాలినదనుటకు గుర్తు కాదు.

చౌడు మాట కూడ చెప్పెదను. మట్టికుండీ వెలుపలి గోడపై తెల్లని బూజువంటిది పట్టుట మీరు చూచియుందురు. పైమట్టిమీదను తెల్లని పొర యేర్పడును. అది నీటిలోని ఉప్పు. నీరు ఆవిరియై పోవును, ఉప్పు నిలిచిపోవును. సముద్రమునకు దగ్గరగా నున్న గ్రామములలో బోరునీరు పోసిన కుండీలకు ఇది మరింత యెక్కువ. ఇటీవల ఇండ్లలో నీటిశుద్ధి యంత్రములు వచ్చినవి. ఆ యంత్రమునుండి వృథాగా పోవు నీటిని పొదుపు పేర కుండీలకు పోయుచున్నారు. పొదుపు మంచిదే గాని, త్రాగునీటినుండి తీసివేసిన లవణములన్నియు ఆ వృథానీటిలోనే చేరియుండును. ఉప్పు తీసి మనము త్రాగి, ఆ యుప్పును మొక్కకు పెట్టుచున్నామన్నమాట. ఆ నీటితో నేల తుడుచుకొనవచ్చును, పాయిఖానాలో పోయవచ్చును. కుండీలకు వద్దు. గదిని చల్లబఱచు ఏసీ యంత్రమునుండి చుక్కచుక్కగా కారు నీరు మాత్రము ఆవిరి చల్లారి యేర్పడినది గనుక అందులో ఉప్పు లేదు. దానిని పట్టి పోయవచ్చును.

చౌడు పట్టిన కుండీకి వైద్యము తొలకరి వానయే. మృగశిర ప్రవేశించి మొదటి రెండు మంచి వానలు పడునప్పుడు కుండీలను చూరు క్రిందనుండి తీసి ఆకాశము క్రింద పెట్టుడు. కుండీ పట్టునంత నీరు రెండు మూడు మార్లు మట్టిలోనుండి దిగిపోయినచో ఉప్పు చాలవరకు కడిగివేయబడును. ఇందుకు దమ్మిడీ వ్యయము లేదు. అయినను మన యిండ్లలో వాన వచ్చినప్పుడు కుండీలు తడియునని లోపలికి జరుపువారిని నేను చూచితిని!

ఇక మట్టి మార్చు పని. దీనిని రోహిణి యెండలో చేయరాదు. వేరు తెగిన మొక్క ఆ వేడికి నిలువదు. జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర కార్తె వచ్చును, 22వ తేదీ ప్రాంతమున ఆరుద్ర. మబ్బు పట్టి గాలి చల్లబడిన పిదప, ఈ రెండు కార్తెల నడుమ, సాయంకాలము చేయవలెను. ముందటి దినము నీరు పోసి మట్టిని మెత్తబఱచి, కుండీని ప్రక్కకు వాల్చి తట్టి, మొక్కను గడ్డతో సహా వెలికి తీయవలెను. రెండు మూడేండ్లుగా ముట్టని కుండీయైనచో లోపల మట్టి కంటె వేళ్లే యెక్కువగా నుండును. అవి గోడ చుట్టును చాపవలె అల్లుకొనియుండును. ఆ చాపను పదునైన కత్తితో చుట్టును ఒక యంగుళము మేర చెక్కివేయుడు, అడుగున మరికొంత కోయుడు. చేయి వణకనక్కరలేదు. తెగిన చోటనుండి క్రొత్త వేరు పుట్టును. వేరు తగ్గించినంత మేర పైకొమ్మలను కూడ తగ్గింపవలెను. లేనిచో మిగిలిన వేళ్లు అన్ని ఆకులకు నీరందింపలేవు.

మట్టి మిశ్రమమునకు ఇంగ్లీషు పేరుగల సంచులు బజారులో వచ్చుచున్నవి. రైతు వానిని కొనుట నాకు సిగ్గుగా నుండును. ఎఱ్ఱమట్టి లేక గరపమట్టి రెండు తట్టలు, ఇసుక ఒక తట్ట, బాగుగా చివికిన పశువుల యెరువు ఒక తట్ట, గుప్పెడు వేపపిండి. ఇంతే. నల్లరేగడి తప్ప వేరు మట్టి దొరకనివారు ఇసుకను, ఎరువును మరికొంత పెంచుకొనవలెను. వానపాముల యెరువు ఉన్నవారు పశువుల యెరువునకు బదులుగా వేయవచ్చును. కొబ్బరి పీచుపొట్టు కలుపుదురేని మంచినీటిలో రెండు మార్లు నానబెట్టి పిండి మఱి కలుపవలెను, అందులో ఉప్పుండును. ఎరువు విషయములో ఒక హెచ్చరిక. పెంటపోగులో పైపైన దొరకు పచ్చి యెరువు వేయకుడు. అది కుండీలో కుళ్లి వేడి పుట్టించి లేతవేళ్లను మాడ్చును. పట్టి చూచిన మట్టివాసన రావలెను, పేడవాసన రాకూడదు.

ఇచ్చట నా తప్పొకటి యొప్పుకొనవలసియున్నది. కుండీ యడుగున గులకరాళ్లు మూడంగుళముల మందము పోసినచో నీరు బాగుగా దిగునని మాకు పాఠశాలలో మిషను దొరసానిగారు నేర్పిరి. పిమ్మట శిక్షణలోను అదియే నేర్పిరి. ఇరువదియేండ్లుగా నేను మీ యందఱికి అదియే చెప్పితిని. అది సరికాదు. సన్నని మట్టిలోని నీరు అడుగునున్న పెద్దరాళ్లలోనికి తేలికగా దిగదు. మట్టి పూర్తిగా నానువరకు దాని యడుగుననే నిలుచును. ఆ తడి యిదివరలో కుండీ యడుగున నుండెడిది, రాళ్లు పోసినచో మూడంగుళములు పైకి, వేళ్లకు మరింత దగ్గరగా వచ్చును. కావున రంధ్రముపై మట్టి జారిపోకుండ ఒక్క పెంకుముక్క బోర్లించిన చాలును. రంధ్రము మాత్రము బొటనవ్రేలు పట్టునంతది ఉండవలెను. నా మాట విని రాళ్లు మోసినవారు క్షమింతురు గాక.

మన్ను నింపునపుడు పైన రెండంగుళములు ఖాళీ విడువుడు. నాటిన పిమ్మట పైన వేరుసెనగ పొట్టో, తఱిగిన వరిగడ్డియో, ఎండుటాకులో పఱచుడు. కుండీని సిమెంటు గచ్చుపై నేరుగా పెట్టక రెండిటుకలపై నిలుపుడు. గచ్చు పుట్టించు వేడి తగ్గును, రంధ్రము మూసికొనిపోదు. వారము పదిదినములు నీడ పట్టున నుంచి, పిదప ఉదయపు టెండ తగులు వైపునకు మార్చుడు. పడమటి యెండ తగులు అరుగుమీద నల్లని ప్లాస్టికు కుండీలు పెట్టిన యిండ్లు అనేకము గలవు. మధ్యాహ్నము మూడు గంటలకు ఆ కుండీ గోడపై చేయి పెట్టి చూచినవారికి లోపలి వేళ్ల యవస్థ నేను చెప్పనక్కరలేదు.

అన్ని మొక్కలకు ఒకే కత్తెర పనికిరాదు. మల్లెను ఇప్పుడు మొదలంట నఱకుట పొరపాటు. ఎండుపుల్లలు, జబ్బుకొమ్మలు మాత్రమే తీయవలెను. గట్టి కత్తిరింపు చలికాలమునకు విడిచిపెట్టుడు. తోటలు పెంచు రైతులు అప్పుడు నీరు కట్టి, కొమ్మలు కోసి, వేసవికి పూలు రప్పింతురు. కుండీమల్లెకును అదే ధర్మము. తులసి కంకులు వేసి విత్తు ముదిరిన పిమ్మట కట్టెకట్టుకొని చచ్చుట దాని స్వభావము. చచ్చినదని యింటివారు దిగులుపడనక్కరలేదు. ముదురు కంకులను నలిపి విత్తు పట్టి ఈ తొలకరిలో చల్లినచో కార్తికమునకు ఏపైన మొక్క సిద్ధముగా నుండును. ఇక ముందు కంకి లేతగా నున్నప్పుడే త్రుంచుచుండుడు, మొక్క యాయువు పెరుగును. మందారమునకు వేసవిలో పిండినల్లి పట్టును. ముందుగా నీటిధారతో గట్టిగా కడుగుడు. పోనిచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లుడు. ఇంతకు మించిన మందు గుమ్మము ముందర అక్కరలేదు. కనకాంబరపు వేళ్లు ఉబ్బి ముడులు ముడులుగా కనబడినచో అది వేరుపురుగు. ఆ మొక్కను, ఆ మట్టిని రెంటిని తీసివేయుడు. ఆ మట్టిని కూరమడిలో మాత్రము పోయకుడు.

క్రొత్త మొక్కలు కొనువారికి ఒక్క మాట. గోదావరి ప్రాంతమున కడియము, కడియపులంక నర్సరీలనుండి బండ్లపై మన యూళ్లకు మొక్కలు వచ్చును. చూడముచ్చటగా నుండును. కాని అవి నీడవలల క్రింద, వేళకు తడి తగులుచు పెరిగిన బిడ్డలు. వానిని తెచ్చి రోహిణి యెండలో అరుగుమీద నిలబెట్టి, రెండు దినములలో మాడగానే అమ్మినవానిని తిట్టుట న్యాయము కాదు. వానలు నిలుకడయైన పిదప కొనుడు. కొన్న తరువాత పదిదినములు చెట్టునీడ నుంచి, కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేయుడు.

కుండీ క్రింది పళ్లెముల మాటయు విడువరాదు. డెంగీ జ్వరమును తెచ్చు ఏడీస్ దోమ మురుగులో పుట్టదు, ఇట్టి శుభ్రమైన నిలువనీటిలోనే పుట్టును. గ్రుడ్డునుండి దోమయగుటకు వారము పదిదినములు చాలును. నీరు పారబోసిన మాత్రమున పని తీరదు. గ్రుడ్లు పళ్లెము గోడకు అంటుకొని, ఎండినను నెలల తరబడి జీవించియుండి, మరల నీరు తగిలినంతనే పొదుగును. వారమున కొక్కమారు పీచుతో గట్టిగా తోమి బోర్లింపవలెను. వానకాలమున పళ్లెములను తీసివేయుట ఇంకను మేలు.

ఇంతవరకు వ్రాసినది ఈ పత్రికలో ఎవరైనను వ్రాయగలరు. నేను కలము పట్టుటకు అసలు కారణము ఇక చెప్పుచున్నాను.

క్రిందటి చైత్రమున ఒక గ్రామమునకు ప్రత్తి రైతుల సమావేశమునకై పోయితిని. మధ్యాహ్నము ఒక ఎఱిగిన యింట భోజనము. ఆ యింటి పెద్దమ్మగారు చారు కాచుచు, "ఉండు నాయనా, కరేపాకు రెండు రెబ్బలు కోసుకొస్తాను" అని అరుగు మీదికి వచ్చిరి. అరుగు చివర నడుమెత్తున నిగనిగలాడు కరివేపమొక్క. ఆమె రెబ్బలు త్రుంచుచుండగా నా దృష్టి మొక్కమీద గాక క్రింది డబ్బామీద పడినది. పైభాగము కోసివేసిన మందు డబ్బా యది. చీటీ చాలవరకు చిరిగిపోయినది. మిగిలిన ముక్కలో ఎఱ్ఱ త్రికోణము మాత్రము కనబడుచున్నది. ఎఱ్ఱ త్రికోణము అత్యంత విషమునకు గుర్తని మీకందఱికి తెలియును. పసుపు, నీలము, ఆకుపచ్చ, ఇవి వరుసగా దాని తరువాతివి.

ఈ డబ్బా యెక్కడిదమ్మా యని యడిగితిని. ఆమె నవ్వి, "నువ్వు ఇచ్చిందే కదయ్యా! ఆరేళ్ల క్రితం మా చేలో మందు కొట్టి చూపించి, ఖాళీ డబ్బా ఇక్కడే వదిలి వెళ్లావు. గట్టి డబ్బా, పారెయ్యడం ఎందుకని మొక్క పెట్టాను" అనిరి.

ఆ చారు నేను త్రాగితినా, మానితినా యన్నది మీకు చెప్పను. ఆ యింటివారు ఆరేండ్లుగా ఆ మొక్క ఆకే తినుచున్నారు. డబ్బాను ఆనాడు కడిగితిరా యని యడుగగా, "కడక్కుండా ఎలా పెడతాం, ఓ సారి తొలిపాం" అనిరి. మందు ఎంత కొలిచి పోయవలెనో, ఎన్ని లీటర్ల నీటిలో కలుపవలెనో, గాలికి ఎదురుగా చల్లరాదని, ముఖమునకు గుడ్డ కట్టుకొనవలెనని ఆనాడు నేను గంటసేపు చెప్పితిని. ఖాళీ డబ్బాను ఏమి చేయవలెనో ఒక్క మాటయైనను చెప్పలేదు.

ఆకులోనికి ఎంత విషము చేరినదో కంటితో చూచి చెప్పగలవాడు లేడు. కాని మన పొలములలో చల్లు మందులలో అనేకము వేరుద్వారా పీల్చబడి ఆకులలోనికి ఎక్కు జాతివి. పురుగు ఆకు తిని చచ్చుట వానివలని ప్రయోజనము. పురుగునకు పనిచేయు త్రోవయే మనకును త్రోవ. పైగా ఆ డబ్బా ఎల్లకాలము పూలకుండీగానే యుండదు. మొక్క చచ్చినచో మట్టి దులిపి దానిని గేదె కుడితికి వాడుదురు, స్నానపు చెంబుగా వాడుదురు, బిడ్డలు ఇసుకలో ఆడుకొందురు. 2013వ సంవత్సరము జూలై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామమున పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందున్నట్లు పరీక్షలో తేలినది. మందు ఉంచిన పాత్రలో నూనె పోసియుందురని అప్పట అధికారులు అనుమానించిరి. ఆ పిల్లలకు ఎవరును పగవారు లేరు. ఒక పాత్ర ఒక పనినుండి మరియొక పనికి మారుటయే అంతటి పని చేసినట్లున్నది.

చట్టము లేకపోలేదు. 1971వ సంవత్సరపు క్రిమిసంహారక మందుల నిబంధనలలో ఖాళీ డబ్బాలను మరల వాడుటకు వీలుగా బయట విడువరాదనియు, పగులగొట్టి జనావాసములకు దూరముగా పూడ్చవలెననియు స్పష్టముగా నున్నది. డబ్బాను మూడు మార్లు నీటితో తొలిచి, ఆ నీటిని చల్లుడు పంపులోనే పోసికొని, పిదప అడుగున పొడిచి పనికిరాకుండ చేయవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మూడు మార్లు కడిగినను అది వంటయింటికి గాని, తినెడి మొక్కకు గాని పనికిరాదు. అది పారవేయుటకు ముందు చేయు శుద్ధియే గాని వాడుకొనుటకు అనుమతి కాదు.

మన సభ్యులలో ఎందఱు ఇట్లు చేయుచున్నారు? నేను చూచినంతవరకు డబ్బాలు మూడు త్రోవలలో పోవుచున్నవి. కొన్ని కాలువ గట్టున పడును. కొన్నింటిని పాతసామానులవాడు కొనిపోవును. గట్టివి, అందమైనవి మాత్రము ఇంటికి వచ్చి అరుగెక్కును. కావున ఈ తొలకరిలో కుండీల మట్టి మార్చునపుడు ప్రతి సభ్యుడును తన యరుగుమీది డబ్బాలను ఒక్కొక్కటిగా త్రిప్పి చూడవలెనని నా ప్రార్థన. చీటీ లేకున్నను ఆకారము చూచి మీరు గుర్తింపగలరు, నాకంటె మీకే బాగుగా తెలియును. అట్టిదానిలో తులసి, కరివేప, పుదీన, కొత్తిమీర, తమలపాకు, నోటికిపోవు ఏ మొక్కయున్నను ఆ మొక్కను, ఆ మట్టిని తీసి, బావికి, కాలువకు, పశువుల మేతకు దూరముగా లోతుగా పూడ్చవలెను. మనసు రాదని తెలియును. అయినను చేయవలెను.

"మట్టికుండీకి డబ్బు పెట్టాలి, అది పగిలిపోతుంది. డబ్బా ఊరికే వస్తుంది" అని యొక సభ్యుడు నాతో వాదించెను. ఆ మాటలో నిజమున్నది, దానిని త్రోసివేయను. ఊరకే వచ్చునది కావలెనన్న వంటనూనె డబ్బా యున్నది, పగిలిన కడవ యున్నది. ఎరువుసంచిని నాలుగైదు మార్లు ఉతికి మట్టి నింపినను మొక్క పెరుగును. అందులో మిగులునది ఉప్పేగాని విషము కాదు. మట్టికుండీయే కావలెనన్నచో మన సంఘమే పూనుకొని ఊరి కుమ్మరులతో మాటలాడి ఒక్కమారుగా చేయించవచ్చును. ఎరువుల బండి దింపుకొను సంఘమునకు కుండీల బండి బరువగునా? వేసవి వెళ్లిన తరువాత కుమ్మరులకు పని తగ్గు మాసములివి.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి. మందు మన సంఘపు డిపోనుండియే చాలవరకు పోవుచున్నది. అమ్మినప్పుడు రసీదు వ్రాయుచున్నాము, వసూలు చేయుచున్నాము. ఖాళీ డబ్బా తిరిగి వచ్చినదా యని యడుగుట లేదు. గోదాము వెనుక తాళము వేయదగిన చిన్న కొట్టు ఒకటి కట్టించి, కడిగి పొడిచిన డబ్బాలను అచ్చట చేర్చుకొని, నిండినప్పుడు మందుల కంపెనీలకో, ప్రభుత్వము చూపిన చోటికో ఒప్పజెప్పు నేర్పాటు చేయవలెను. డబ్బా తిరిగి యిచ్చినవారికి తరువాతి కొనుగోలులో కొంత తగ్గింపు ఇచ్చినచో పాతసామానులవాని చేతికి పోవు. ఈ మాట నేను పాలకవర్గములో ఇద్దఱు ముగ్గురితో అంటిని. ఖర్చెవరు భరింతురని వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. నేనిచ్చు సమాధానము: మందు అమ్మకముమీద వచ్చు లాభములోనుండి భరింపవలెను. అమ్మకము మనదైనప్పుడు డబ్బాయు మనదే. వచ్చు మహాజనసభకు ముందు పది మంది సభ్యులు సంతకము చేసి ఈ విషయమును అజెండాలో చేర్పుడని వ్రాసి యిచ్చినచో, కార్యదర్శిగారు కాదనరని నమ్ముచున్నాను. మొదటి సంతకము పెట్టుటకు నాకు సభ్యత్వము లేదు, ఉద్యోగిని. మీరే పెట్టవలెను.

పెద్దమ్మగారి సంగతి. క్రిందటి వారము మరల ఆ యూరికి పోయితిని. ఒక మట్టికుండీయు, మట్టి మిశ్రమమును బండిమీద తీసికొనిపోయితిని. మొక్కను పారవేయుదమంటే ఆమె యొప్పుకొనలేదు. ఆరేండ్లు నీరు పోసినదట. చివరకు రాజీ కుదిరినది. వేళ్లు కడిగి దానిని పెరటి కంచె ప్రక్క నాటితిమి, తినుటకు కాదు, చూచుకొనుటకు. ఎవరును ఆకు కోయకుండ మనుమడు దానికి ఎఱ్ఱగుడ్డ కట్టెను. క్రొత్త కుండీ ఖాళీగా నున్నది. ఆషాఢ శ్రావణములలో కరివేపపండ్లు నల్లబడును. గుజ్జు తీసి, విత్తనము ఆరిపోకముందే నాటవలెను, నిలువ చేసిన విత్తు మొలవదు. అంతవరకు ఎదురింటివారి చెట్టునుండి ఆకు తెచ్చుకొందుమని, ఆ చెట్టు నేలలోనే యున్నదని ఆమె నాకు రెండు మార్లు చెప్పిరి.

డబ్బా నాతో తెచ్చితిని. మూడు మార్లు కడిగి, అడుగున నాలుగు చోట్ల పొడిచి, నా కచ్చేరి బీరువా వెనుక ఉంచితిని. ఒప్పజెప్పుటకు ఇప్పటికి చోటు లేదు.